లంచం ఇచ్చినవాడూ లోపలికేనా?

పాస్‌బుక్ కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లకు ఎవరో ఒకరు ఈ హితబోధ చేస్తారు. వాట్సాప్‌లోనూ ఇదే తిరుగుతుంటుంది: "2018 నుంచి లంచం ఇవ్వడమూ నేరమే. ఏసీబీ దగ్గరికెళ్తే మీరే ఇరుక్కుంటారు, పెట్టిన డబ్బు పోతుంది. మీరు మాట మారిస్తే కేసు గోవిందా. పట్టుబడ్డవాడు మూణ్నెల్లలో మళ్లీ అదే కుర్చీలో. ఇచ్చేసి పని చేయించుకోవడమే తెలివి."

మొదటి ముక్క సగమే నిజం. అవినీతి నిరోధక చట్టం 8వ సెక్షన్‌ను 2018లో మార్చి, లంచం ఇచ్చినవారికీ ఏడేళ్ల దాకా జైలుశిక్ష పెట్టారు. అయితే అదే సెక్షన్‌లో కింద రెండు మినహాయింపులున్నాయి. బలవంతం మీద ఇచ్చి ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే నేరం కాదు. ముందే ఏసీబీకి చెప్పి, వాళ్లకు సాయంగా ఇస్తే అసలే కాదు. లంచం పుచ్చుకుంటుండగా వలపన్ని పట్టుకునే ట్రాప్ కేసులన్నీ నడిచేది ఈ రెండో దారిలోనే.

ట్రాప్ ఎలా జరుగుతుందో చూస్తే భయం సగం పోతుంది. మీరు తెచ్చిన నోట్ల నంబర్లు సాక్షులుగా పిలిచిన మధ్యవర్తుల ముందు రాసుకుంటారు. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. అది కంటికి ఆనదు. అధికారి పుచ్చుకున్నాక ఆయన చేతివేళ్లు సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచిస్తారు, నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లను సీసాలో పోసి సీలు వేస్తారు. తెలివిగా "సొరుగులో పెట్టు" అన్నాడనుకోండి, సొరుగు తుడిచిన గుడ్డా అదే రంగు చెబుతుంది.

డబ్బు సంగతి: ఆ మొత్తాన్ని ఏసీబీ తర్వాత ఫిర్యాదుదారుకు తిరిగి చెల్లిస్తుంది.

మాట మారిస్తే కేసు పోతుందన్నది పాత కబురు. ఫిర్యాదుదారు అడ్డం తిరిగినా, చనిపోయినా, మిగతా సాక్ష్యాలతో లంచం అడిగిన సంగతి రుజువు చేయవచ్చని 2022 డిసెంబరు 15న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. ఒక్కటి గుర్తుంచుకోవాలి: నోట్లు దొరకడం ఒక్కటే చాలదు, అడిగాడన్నది రుజువు కావాలి. అందుకే అధికారి ఫోన్ చేసి అడిగితే ఆ రికార్డింగు చెరిపేయకండి.

ఇక కుర్చీ మాట. ఇక్కడ మెసేజ్ రాసినవాడి కడుపుమంట నాకూ ఉంది. అయితే తిట్టాల్సింది ఏసీబీని కాదు. చార్జిషీటు ఇవ్వకుండా సస్పెన్షన్‌ను మూడు నెలలకు మించి సాగదీయకూడదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. చార్జిషీటు మీద కోర్టు ముందుకు కదలాలంటే ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వం అనుమతివ్వాలి. దానికి చట్టం పెట్టిన గడువు మూడు నెలలు, అవసరమైతే ఇంకో నెల. ఆ ఫైలు సచివాలయంలో నిద్రపోతే కేసూ దాంతోపాటే పడుకుంటుంది. ఈలోగా సారు సస్పెన్షన్ ఎత్తేయమంటూ కోర్టుకెక్కుతాడు. తిరిగి పోస్టింగు ఇచ్చేదీ ప్రభుత్వమే, ఏసీబీ కాదు. జనానికి నమ్మకం పోయేది పట్టుకునేచోట కాదు, ఈ ఫైలు దగ్గర.

చివరికి "ఇచ్చేసి పని చేయించుకోండి" అన్న సలహా చూడండి. ఇచ్చి, ఏడు రోజులు దాటినా నోరు మెదపకుండా కూర్చుంటే, 8వ సెక్షన్‌కు సరిగ్గా దొరికేది ఆ సలహా విన్నవాడే. ఇవ్వకముందే అయితే తెలంగాణలో ఏసీబీ నంబరు 1064.