లేని పులుసు బరువు

వేసవి సెలవులకు ఒంగోలు నుంచి నెల్లూరు అత్తగారింటికి వచ్చిన అల్లుడికి రాత్రి పన్నెండింటికి మెలకువ వచ్చింది. కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది, చేపల పులుసు గుర్తొచ్చింది. నెల్లూరు పులుసు వండిన పూట కన్నా, మామిడికాయ పులుపు ముక్కకు పట్టాక, మర్నాడు రుచి. మర్నాడు రావడానికి ఇంకా చాలా టైముంది. ఒక్క ముక్క. ఎవరికి తెలుస్తుంది?

వంటింటి గుమ్మంలో చెయ్యి దానంతటదే కుడివైపు స్విచ్చి కోసం లేచి గోడ క్యాలెండరును చరిచింది. కరెంటు లేదని అల్లుడికి తెలుసు. ఈ ఇంట్లో స్విచ్చి ఎడమవైపని కూడా తెలుసు. కానీ ఒంగోలు ఇంట్లో ఏళ్ల తరబడి చేసిన అలవాటు మెదడు లోపలెక్కడో బేసల్ గాంగ్లియాలో పాతుకుపోయి ఉంటుంది. గుమ్మం తగిలితే చాలు, ఆలోచనను అడక్కుండానే చేతిని తోలేస్తుంది. ఇది చిన్న పొరపాటు, చప్పుడూ చిన్నదే.

పెద్దది గట్టు మీదుంది. మట్టి దాక, మీద మూతగా స్టీలు పళ్లెం.

భోజనాలయ్యాక దీన్ని బల్ల మీంచి గట్టు మీదికి మోసింది అల్లుడే. అప్పటికి సగం పులుసు అయిపోయినా ఇంకా నాలుగు కిలోలుంది. ఆ లెక్క చేతిలో ఉండిపోయింది. చెయ్యి దేన్నయినా ముందు తూచి, తర్వాత బలం పెట్టదు. అంత తీరిక దానికి లేదు. వేళ్ల చర్మం నుంచి కబురు పైకి పోయి, దిద్దుబాటు కండరానికి చేరేసరికి సెకనులో దాదాపు పదో వంతు గడిచిపోతుంది. కంటితో చూసి సర్దుకోవాలంటే ఇంచుమించు దానికి రెట్టింపు. అందుకని కిందటిసారి ఎత్తిన లెక్కతోనే బలం ముందుగా ఖాయమైపోతుంది. స్వీడన్‌లో జొహాన్సన్, వెస్ట్లింగ్ అనే పరిశోధకులు 1988లో ఒకే ఆకారంలో ఉన్న వస్తువు బరువును చెప్పకుండా మార్చి జనం చేత ఎత్తించారు. తేలికది తగిలినప్పుడు వస్తువు అనుకున్న దానికన్నా పైకి ఎగిరింది. వాళ్లది ప్రయోగశాల కాబట్టి సరిపోయింది, పక్క గదిలో మామగారు లేరు.

లెక్క కుదిరితే ఇదే ఏర్పాటు ఎంత ముచ్చటగా ఉంటుందో అత్తగారి చేతుల్లో చూడాలి. ముక్క చెదురుతుందని ఆవిడ పులుసులో గరిటె పెట్టరు. మసిగుడ్డతో దాక అంచులు పట్టుకుని గుండ్రంగా తిప్పుతారు. లోపల పులుసు ఏ క్షణాన ఏ అంచుకు వస్తుందో ఆ చేతులకు ముందే తెలుసు, చుక్క బయటికి రాదు.

ఆ అత్తగారే, అల్లుడు పడుకున్నాక, పులుసు తీసేసి దాక కడిగి అదే చోట అదే పళ్లెం మూసిపెట్టారు. ఖాళీ దాక కిలోన్నర.

కిటికీ వెలుతురులోకి తీసుకుపోదామని అల్లుడు రెండు చేతులా పట్టి ఎత్తాడు, నాలుగు కిలోలకు సరిపడా. దాక ఇంకా లేవకూడని సమయానికే లేచిందని వేళ్లు కబురు పెట్టాయి. ఊహించినదానికీ జరిగినదానికీ పొంతన లేదని చిన్న మెదడు పట్టేసింది. మెదడు బరువులో అది పదో వంతే గానీ, మొత్తం నాడీకణాల్లో నూటికి ఎనభై దానిలోనే ఉంటాయి. ఎన్ని ఉంటే ఏం, అప్పటికే దాక జానెడు లేచి పై అరకు తగిలింది. దాక బతికింది. పళ్లెం జారింది.

స్టీలు పళ్లెం అంచు మీద పడితే ఒక్క చప్పుడుతో ఊరుకోదు. ఠంగుమని, గిర్రున తిరిగి, నేలకు ఒరిగేకొద్దీ నెమ్మదించాల్సింది పోయి జోరందుకుని, గలగలలాడి టక్కున ఆగుతుంది. కాలు పెట్టి ఆపొచ్చు. చీకట్లో అదెక్కడుందో కాలికి తెలియాలిగా!

"ఏందది?" మామగారి గొంతు.

"పిల్లిలే. పడుకోండి."

అల్లుడు దాకను మెల్లగా గట్టు మీద పెట్టి, నమ్మలేక, మళ్లీ ఎత్తి చూశాడు. ఈసారి మెత్తగా లేచింది. ఒక్కసారి దెబ్బ తింటే చాలు, చెయ్యి లెక్క దిద్దుకుంటుంది.

పొద్దునకు మర్యాద పెరిగింది. అత్తగారు నాలుగు గ్లాసుల టీ తెస్తుంటే "ఇట్టియ్యండత్తయ్యా" అని ట్రే లాక్కుని ఎడమ అరచేతి మీద నిలబెట్టాడు. మామగారు పేపర్లోంచి తలెత్తకుండా ఒక గ్లాసు తీసుకున్నారు. ట్రే ఎగిరింది. మిగతా టీ పేపరు మీదికి. మన ట్రే మీది గ్లాసు మనమే తీస్తే, కుడిచేతికి ఆజ్ఞ పోయేటప్పుడే ఎడమచేతికీ 'బరువు తగ్గబోతోంది, సడలు' అని కబురు పోతుంది. ఎదుటివాళ్లు తీస్తే ఆ కబురు పుట్టదు, కళ్లారా చూస్తున్నా సరే.

అత్తగారు మాట్లాడకుండా ట్రే తీసుకుని, ఇంకో నాలుగు గ్లాసులు పోసుకొచ్చారు. ఎడమచేతి మీద ట్రే, కుడిచేత్తో గ్లాసు తీసి అల్లుడికిచ్చారు. ట్రే కదల్లేదు.

"దోసెల్లోకి పులుసు ఎచ్చబెడతా ఉండా. ఎండలకు చెడిపోతాదని రాత్రే గిన్నెలోకి తీసి ఫ్రిజ్జిలో పెట్టినా," అన్నారు. "పాపం, పిల్లికి తెలీలా."