గట్టు కింది రైతు కందకం ఎందుకు పూడ్చాడు?

మా ఊళ్లో వాన నీటిని ఆపి నేలలో ఇంకించే వాటర్‌షెడ్ పనులు జరిగినప్పుడు, గట్టు (గుట్ట) కింద, ఊరి మిగతా పొలాలకు ఎగువన చెల్క (మెట్ట చేను) ఉన్న మా కాక తన భూమిలో కందకం తవ్వనిచ్చాడు. రెండేళ్లకు ఆయనే దాన్ని పూడ్చి పత్తి పెట్టాడు. ఊరంతా తిట్టింది. నాకు మాత్రం ఆయన మీద కోపం రాలేదు, ఇప్పటికీ రాదు.

వాన నీటిని ఎగువన ఆపితే అది ఇంకి దిగువ బావుల్లో, బోర్లలో ఊరుతుంది. అంటే భూమి పోయేది పైవాడిది, నీళ్లు పెరిగేది కిందివాడికి. మాది రాతి నేల, కాక చెల్కలో బోరేస్తే దుమ్మే వచ్చింది. కింద మాత్రం కొత్త బోర్లు పడ్డాయి, యాసంగి వరి పెరిగింది. "నీ పత్తికి ఒక తడి మేమిస్తాం కాకా" అన్నవాళ్లే, కాయ పట్టే వేళ వాన ముఖం చాటేస్తే పైపు వేయనివ్వలేదు. మరి ఆయన ఎవర్ని నమ్మి ఆ కందకం ఉంచుకోవాలి?

1994లో కేంద్రం వేసిన హనుమంతరావు కమిటీ ఈ పనులు రైతుల చేతుల్లోనే ఉండాలని చెప్పింది. 1995 నుంచి సుమారు 500 హెక్టార్లకు ఒక వాటర్‌షెడ్, దానికో కమిటీ అన్నారు. మంచి ఆలోచన. మా దగ్గర కమిటీ అంటే సంతకాలకు పిలిచే నలుగురే. లెక్క అడిగితే రాజకీయం చేస్తున్నావన్నారు.

మనకు పంచుకోవడం తెలియక కాదు. పాకాల, రామప్ప చెరువులు 13వ శతాబ్దం నాటివి. ఒకదాని కింద ఒకటిగా ఉన్న గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితేనే కింది చెరువు నిండుతుంది. చెరువు సగమే నిండిన ఏడు ఊరు కూర్చుని తైబందీ చేసేది: ఎవరికి ఎంత పారకమో అందరి ముందు తేల్చేవాళ్లు, చెరువు నీళ్లు వదిలే నీరటి ఆ ప్రకారం తూము తీసేవాడు. ఆ కాలమంతా న్యాయంగా ఉండేదని నేననను, ఆయకట్టులో భూమి లేనివాళ్లకు అక్కడ మాటే లేదు. కానీ తూము నీళ్లు అందరి కళ్ల ముందు పారేవి. బోరు నీళ్లు కనిపించవు. ఎవరు ఎంత తోడుతున్నారో తెలియదు. 2018 జనవరి నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక, కరెంటు రాగానే మోటారు దానంతటదే నడిచే ఆటో స్టార్టర్లు పెట్టి రాత్రంతా మోటార్లు నడిపినవాళ్లను చూశాను. పక్కోడు ఆపడని ఈయన, ఈయన ఆపడని పక్కోడు.

ఈసారి మళ్లీ కందకం కొలతలకు వస్తారట. కాకను ఒప్పించమని నన్నడిగారు. కాక పత్తికి తడి ఎవరి బోరు నుంచో, ఎన్నిసార్లో గ్రామసభలో రాసి అందరూ సంతకాలు పెట్టండి, అప్పుడు వెళ్తానన్నాను. ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.