ఇంటి ఐటీ మంత్రికి పదకొండేళ్లు

పిల్లల ఆన్‌లైన్ భద్రత గురించి ఇక ఎవరూ టెన్షన్ పడనక్కర్లేదు. వ్యక్తిగత డేటా రక్షణకు పార్లమెంటు 2023లోనే చట్టం చేసింది. దాని లెక్కలో 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. తల్లిదండ్రుల అనుమతి ఉందని రూఢి చేసుకోకుండా కంపెనీలు వాళ్ల వివరాలు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా పడుతుంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, సర్దుకోవడానికి కంపెనీలకు 18 నెలల గడువిచ్చారు. అప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్నవాడు ఆ గడువు తీరేసరికి ఇంటర్ సీటు వెతుక్కుంటూ ఉంటాడు. ఫరవాలేదు, తమ్ముడికి పనికొస్తుంది.

అనుమతికి ఓటీపీ పంపారే అనుకుందాం. అది అమ్మ ఫోన్‌కి వస్తుంది. అమ్మ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో ఢిల్లీకి తెలియకపోవచ్చు గానీ, పిల్లలకు అన్నం తినిపించే ప్రతి ఇంటికీ తెలుసు.

ఇన్‌స్టాగ్రామ్‌లో చేరాలంటే 13 ఏళ్లుండాలి. అందుకే మన ఆరో తరగతి పిల్లలంతా గత శతాబ్దంలో పుట్టారు. వేలితో ఒక్క తోపు తోస్తే సంవత్సరాలు గిర్రున తిరిగి ఎక్కడ ఆగితే అదే పుట్టిన సంవత్సరం. మా వీధిలో ఒక పాప 1962 దగ్గర ఆగింది. ఇక వృద్ధాప్య పెన్షన్ ఒక్కటే తక్కువ.

పేరెంటల్ కంట్రోల్ పెట్టిన బాధ్యతగల ఇళ్లూ ఉన్నాయి. గూగుల్ ఫ్యామిలీ లింక్‌లో ఏ యాప్ ఎంతసేపు వాడాలి, రాత్రి ఎన్నింటికి ఫోన్ లాక్ కావాలి, అన్నీ నాన్నే నిర్ణయించవచ్చు. ఆ సెట్టింగులు ఎక్కడున్నాయో తెలియక నాన్న కేకేస్తాడు, "ఒరేయ్ చిన్నా, ఇదేంటో కాస్త చూడరా!" చిన్నా ఎంతో వినయంగా వచ్చి, అంతా సరిచేసి, పాస్‌వర్డ్ కూడా తనే పెట్టి, "నువ్వు మర్చిపోతావులే నాన్నా, నేను గుర్తుంచుకుంటా" అని భరోసా ఇచ్చి వెళ్తాడు.

ముక్కూమొహం తెలియనివాళ్లకు వివరాలు చెప్పొద్దని పిల్లలకు గట్టిగానే నేర్పాం. చెప్పాల్సిన పనీ లేదు, మనమే స్టేటస్‌లో పెడుతున్నాం: యూనిఫాం మీద స్కూలు పేరు, మెడలో ఐడీ కార్డు, వెనకాల బస్సు నంబరు. చుట్టాల్లో కుళ్లుకునేవాళ్లు కుళ్లుకోవాలని ర్యాంకు అదనం.

ఇంత కట్టుదిట్టం చేసినా, గేమ్ చాట్‌లో పరిచయమైనవాడెవడో ఫొటో అడిగి, పంపాక బెదిరించాడనుకోండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, సైబర్ మోసాలకు 1930 ఉంది, పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసుకునే కేంద్ర పోర్టలూ ఉంది. కాకపోతే పిల్లాడు ముందు ఇంట్లో నోరు విప్పాలి. విప్పితే ఏమవుతుందో మనం ఎప్పుడో ప్రకటించేశాం: "ఏదైనా తేడా వచ్చిందో, ఫోన్ పగలగొట్టి వీపు చిట్లగొడతా!" ఈ ప్రకటనను మన పిల్లలకన్నా శ్రద్ధగా విన్నవాడు ఆ బెదిరించేవాడే. అందుకే వాడు కత్తులూ తుపాకుల జోలికి పోడు. "మీ నాన్నకు పంపిస్తా" అంటాడు, అంతే.