ఫ్యాట్ బర్నర్‌లో చేదు నారింజ: బరువు సరే, బీపీ సంగతేంటి?

భీమవరం, పాలకొల్లు, అమలాపురం.. ఎక్కడి జిమ్‌లోనైనా కొవ్వు కరిగిస్తుందంటూ అమ్మే ఫ్యాట్ బర్నర్ పొడి డబ్బా చేతిలో పెట్టేటప్పుడు చెప్పే మాట ఒకటే: "మొక్క నుంచి తీసిందే అన్నా, ఏమీ కాదు." ఆ మాట కుర్రాళ్లకు ధైర్యమిస్తోంది. ఇవ్వకూడదు. మన లంక భూముల్లో పండే పొగాకు కూడా మొక్కే.

ఈ డబ్బాల్లో తరచూ కనిపించే పేరు సినెఫ్రిన్. చేదు నారింజ పచ్చికాయల నుంచి తీస్తారు. లేబుల్ మీద 'సిట్రస్ ఆరంటియం' అని ఉన్నా అదే. ఒకప్పుడు ఆ స్థానంలో ఎఫెడ్రా ఉండేది. అదీ మొక్కే. 2003 ఫిబ్రవరిలో స్టీవ్ బెక్లర్ అనే 23 ఏళ్ల అమెరికన్ బేస్‌బాల్ ఆటగాడు ఫ్లోరిడాలో ప్రాక్టీస్ చేస్తూ వడదెబ్బకు కుప్పకూలి, మర్నాడు చనిపోయాడు. అతను ఎఫెడ్రా ఉన్న సప్లిమెంట్ వాడాడు. అధిక బరువు, బీపీలతో పాటు దాని పాత్ర కూడా ఉందని శవపరీక్ష చేసిన వైద్యాధికారి తేల్చారు. 2004లో అమెరికా సప్లిమెంట్లలో ఎఫెడ్రాను నిషేధించింది. కంపెనీలు 'ఎఫెడ్రా లేదు' అని ముద్రించి సినెఫ్రిన్‌తో ఆ ఖాళీ నింపాయి.

రెండూ ఒకటే అనడం అన్యాయం. రసాయన నిర్మాణం దగ్గరగా ఉన్నా, గుండె మీద సినెఫ్రిన్ ప్రభావం ఎఫెడ్రాలో ఉండే ఎఫెడ్రిన్ కంటే బాగా తక్కువ. చేసే పని కూడా తక్కువే. 2011 నాటి ఒక ప్రయోగంలో 50 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లకు 75 నిమిషాల్లో అదనంగా ఖర్చయింది సుమారు 65 కేలరీలు. అంటే ఒక ఇడ్లీ, కాస్త అటూ ఇటూ. ఆ తర్వాత 2022లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే బరువు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎక్కువ రోజులు వాడినవాళ్లలో బీపీ మాత్రం పెరిగింది. ఇంత తక్కువ లాభానికి ఆ నష్టం ఎందుకు కొనుక్కోవాలి?

మరి తాగగానే వచ్చే ఆ ఊపు? అది చాలావరకు కెఫీన్‌ది. శరీర బరువులో కిలోకు 3 నుంచి 6 మిల్లీగ్రాముల కెఫీన్ ఆటలో పనికొస్తుందని గట్టి ఆధారాలున్నాయి. 60 కిలోల కుర్రాడికి 180 దగ్గర మొదలవుతుంది. ఆరోగ్యవంతులకు ఒకసారికి 200, రోజుకు 400 మించకుండా ఉంటే భయం లేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ చెప్పింది. చాలా డబ్బాల్లో ఒక్క స్కూప్‌తోనే (డబ్బాతో వచ్చే కొలత చెంచా) 200 దాటిపోతుంది. దాని మీద సినెఫ్రిన్. ఈ రెంటినీ కలపొద్దని, సినెఫ్రిన్ రోజుకు 20 మిల్లీగ్రాముల లోపే ఉండాలని ఫ్రాన్స్ ఆహార భద్రతా సంస్థ 2014లోనే హెచ్చరించింది. 'ప్రొప్రైటరీ బ్లెండ్' అని రాసి లోపల ఏది ఎంతుందో చెప్పని డబ్బా అయితే ఆ లెక్క వేసుకునే దారే ఉండదు. దాన్ని కొనకపోవడమే మంచిది.

నాకు ఎక్కువ టెన్షన్ పోలీసు, ఆర్మీ ఈవెంట్స్‌కి తయారయ్యే పిల్లల గురించి. 1600 మీటర్ల పరుగులో రెండు సెకన్లు తగ్గుతాయని పరగడుపున స్కూప్ వేసుకుని కాలువ గట్టు మీద పరిగెడతారు. ఏప్రిల్, మే నెలల్లో మన డెల్టా ఉక్కపోత తెలిసిందే. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. కెఫీన్ అలసట తెలియనివ్వదు. ఆగాల్సిన చోట ఆగకుండా పరిగెత్తిస్తుంది. పైగా ఇరవై ఏళ్లవాడికి బీపీ ఏంటనుకుని ఎవరూ చూపించుకోరు. కోచింగ్ ఇచ్చేవాళ్లు గ్రౌండ్‌లో ఒక బీపీ మిషన్ పెట్టడం పెద్ద ఖర్చేమీ కాదు.

గుండె దడ, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మాట తడబడటం.. వీటిలో ఏది కనిపించినా పరుగు ఆపించి, నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి గాలి విసరాలి. 108కి ఫోన్ చేయాలి. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఆ డబ్బా కూడా పట్టుకెళ్లాలి. ఏం మందులు వాడుతున్నావని డాక్టర్ అడిగితే, అది మందు కాదనుకుని చాలామంది దాని పేరే ఎత్తరు.