మహారాజశ్రీ చిన్న మార్పు గారి సముఖానికి

భీమవరం దాపున రొయ్యలు కొనే ఒక సంస్థలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసుకుని బతికే నేను నమస్కరించి చేసుకునే విన్నపం.

తమరు మా ఆఫీసుకు వేంచేసేటప్పుడు ముందుగా కబురు ఉండదు. సాయంత్రం ఆరు దాటి, నేను బండి తాళం చేతిలోకి తీసుకున్నాక, కొనుగోళ్లు చూసే పెద్దాయన నోట "ఏం లేదండి బాబూ, చిన్న మార్పేనండి" అన్న మాటగా అవతరిస్తారు. నిజంగా ఏమీ లేనివాళ్లు ఆ మాట అనగా ఈ ఏడేళ్లలో నేను వినలేదు.

తమరి చిన్నతనాన్ని మావాళ్లు కొలిచే పద్ధతి మీదే నా మొదటి ఫిర్యాదు. తెర మీద ఎంత జాగా పడుతుందో, తమరు అంత అని వాళ్ల లెక్క. మొదటి పేజీలోని బొమ్మలన్నీ మార్చమనేటప్పుడు "పెద్ద పని కదండి, వారం పట్టినా ఫర్వాలేదు" అని మొహమాటపడతారు. అది పావుగంట పని. ధరల లెక్క మొత్తాన్ని తలకిందులు చేసే కోరికైతే, కనిపించేది ఒక్క గడే కనుక, టీ తాగి వచ్చేలోగా కావాలంటారు.

కిందటి నెల సంగతే మనవి చేస్తాను. మా వ్యాపారంలో కౌంట్ అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య. సంఖ్య తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. 40 కౌంట్‌కు ఒక ధర, 50కి ఒక ధర అని పట్టిక రాసిచ్చి, మధ్యలో పడిన సరుకుకు తక్కువ ధరే కట్టమన్నది పెద్దాయనే. చెరువుల్లో రొయ్యల పట్టుబడులు జోరుగా సాగుతుండగా తమరు దయచేశారు. 43 కౌంట్ వస్తే రెండు ధరల మధ్య తేడాను పది వంతులు చేసి, అందులో మూడు వంతులే తగ్గించాలట. 40కి 400 రూపాయలు, 50కి 350 అనుకుంటే, 43కి 385 అన్నమాట. లెక్క న్యాయమైనదే, రైతుకు మేలు కూడా. కానీ మా ప్రోగ్రాము చీటీని అచ్చు వేసిన ప్రతిసారీ ధరను కొత్తగా లెక్కగడుతుంది. ఆ తెలివితక్కువతనం నాదేనని ఒప్పుకుంటాను. సూత్రం మార్చిన మర్నాడు ఒక రైతు వచ్చి, పాత చీటీ పోయింది, నకలు ఇప్పించండి అన్నాడు. ఇచ్చారు. అందులో, ఆయనకు అప్పట్లో ముట్టినదానికంటే ఎక్కువ మొత్తం ఉంది. ఆ మిగతా డబ్బు ఎప్పుడిస్తారని ఆయన కాటా దగ్గరే కూర్చున్నాడు. మధ్యాహ్నానికి నకళ్లు అడిగేవాళ్ల వరుస గేటు దాటింది.

ఇదే పెద్దాయనకు ఊళ్లో ఆరెకరాల వరిచేను ఉంది. తూము తలుపు బాగుచేయాలన్నా, గట్టు పటిష్ఠం చేయాలన్నా వేసవిలో కాలువలు కట్టేశాకే చేయాలని, జూన్‌లో నీళ్లు వదిలాక చెయ్యి పెట్టకూడదని ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. నిండుగా పారే కాలువ మీద నిలబడి "తూమును రెండు గజాలు ఎగువకు జరుపు, చిన్న మార్పే" అని కాలువ నీళ్లు చూసే లస్కరుతో అంటే ఊరంతా నవ్వుతుందనీ తెలుసు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ డెల్టా వంటబట్టించుకున్న ఇంగితం అది. ఆఫీసు గుమ్మం దగ్గర చెప్పులతోపాటు దాన్నీ విడిచి లోపలికి వస్తారు.

యజమాని గారి అబ్బాయి తమరికి అండగా ఎజైల్ మేనిఫెస్టోను తెచ్చాడు. 2001లో అమెరికాలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూడి రాసిన ఆ ప్రకటన సూత్రాలలో, పని చివరికొచ్చినా మార్పును స్వాగతించాలని ఉన్నమాట నిజమే. వ్యాపారం చూసేవాళ్లూ ప్రోగ్రాము రాసేవాళ్లూ రోజూ కలిసి పనిచేయాలన్నది అక్కడికి రెండు సూత్రాల దిగువనే ఉంది. అబ్బాయి గారు అంతదూరం చదవలేదు.

నేను మాత్రం తమరి భక్తుణ్ణి కానా? మా ఇంటి గోడలు కిటికీల ఎత్తుకు లేచాక, వాస్తు చూసే ఆయన మాట విని, గుమ్మాన్ని జానెడు తూర్పుకు జరపమని మేస్త్రిని అడిగింది నేనే. "ఆయ్, చిన్న మార్పేనండి" అని ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఖరీదు లెక్క తేల్చిన రోజున తెలిసింది.

ఆయన దగ్గర నేర్చుకున్నదే ఇప్పుడు నా బల్ల మీద రూళ్ల పుస్తకమై కూర్చుంది. ఎవరికి కావాలి, ఎందుకు, ఎప్పటికి, దీనికోసం చేతిలో ఉన్న ఏ పని ఆపాలి అని అందులో నాలుగు గడులు. తమరిని కోరేవాళ్లు స్వదస్తూరీతో నింపాలి. శుక్రవారం తమరు మళ్లీ విచ్చేశారు. చీటీ మీద రైతు పేరు పక్కన చెరువు పేరు కూడా రావాలట. ఒక రైతుకు ఐదు చెరువులు ఉండవచ్చన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. పుస్తకంలో తమరి సంఖ్య 19. నాలుగో గడిలో పెద్దాయన ముత్యాల్లాంటి అక్షరాలతో "ఏదీ ఆపక్కర్లేదండి" అని రాసి, కింద సంతకం పెట్టారు.

ఇట్లు,
తమరి విధేయుడు