కొత్తవాళ్లను వరుస కొసన నిలబెడితే సరిపోదు

మైదానంలో నడుస్తూ వాయించే మార్చింగ్ బ్యాండ్‌లో డ్రిల్ (ఎవరు ఎప్పుడు ఎక్కడ నిలబడాలో, ఎటు నడవాలో చెప్పే పథకం) రాసేశాక కొత్త సభ్యులు రావడం ఏటా ఉండేదే. అమెరికా హైస్కూళ్లలో చాలాచోట్ల షో డ్రిల్ వేసవి క్యాంపు నాటికే సిద్ధంగా ఉంటుంది. స్కూలు తెరిచాక వేరే ఊరి నుంచి మారి వచ్చినవాళ్లు, ఆలస్యంగా మనసు మార్చుకున్నవాళ్లు చేరతారు. పన్నెండు ట్రంపెట్లకు రాసిన ఫామ్‌లో (మైదానంలో కట్టే ఆకారంలో) పద్నాలుగు మందిని ఇమడ్చాలి. అప్పుడు సాధారణంగా జరిగేది ఒకటే: కొత్త ఇద్దరినీ వరుసకు చెరో కొసన నిలబెట్టేస్తారు. కాగితం మీద చిటికెలో అయిపోతుంది. కానీ మైదానంలో, షో మొత్తంలో కష్టమైన నడక అందరికంటే అనుభవం తక్కువ ఉన్న పిల్లల నెత్తిన పడుతుంది.

లెక్క వేసి చూద్దాం. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో 5 గజాలకొక గీత ఉంటుంది, నట్టనడుమది 50 యార్డ్ లైన్. దానికి దూరమయ్యే వైపు ‘బయట’, దగ్గరయ్యే వైపు ‘లోపల’. 5 గజాలకు 8 స్టెప్పుల నడకలో ఒక్కో స్టెప్ 22.5 అంగుళాలు. పన్నెండు మంది 2 స్టెప్పుల ఇంటర్వెల్‌తో (మనిషికీ మనిషికీ మధ్య ఎడంతో) 50 యార్డ్ లైన్‌కు అటూ ఇటూ సమంగా నిలబడితే వరుస పొడవు 22 స్టెప్పులు. కొసన ఉన్నవాళ్లు 45 యార్డ్ లైన్‌కు 3 స్టెప్పులు బయట ఉంటారు. చెరో కొసన ఒకరిని చేరిస్తే వాళ్ల డాట్లు (నిలబడాల్సిన చోట్లు) 40 లైన్‌కు 3 స్టెప్పులు లోపల పడతాయి. పాతవాళ్ల డాట్ ఒక్కటీ మారదు. అలా కాకుండా కొసలు కదల్చకుండా మధ్యలో సర్దితే ఇంటర్వెల్ 1.69 స్టెప్పులవుతుంది, పది మంది డాట్లు మారతాయి. 50 లైన్ పక్కన ఉండే పిల్లవాడికి ‘0.85 స్టెప్ బయట’ అని రాసిస్తాం. గడ్డి మీద నిలబడి 0.85 స్టెప్‌ను ఎవరూ కొలవలేరు.

అందుకే కొస మీదికి చూపు పోతుంది. అయితే వరుస నిలబడి ఉన్నంతసేపే ఆ సుఖం. అదే వరుస ఒక కొసను ఇరుసుగా పట్టుకుని 24 కౌంట్లలో (కౌంట్‌కు ఒక అంగ) గేటులా పావు చుట్టు తిరగాలనుకుందాం. పాత వరుసలో అవతలి కొస 22 స్టెప్పుల వ్యాసార్థంలో సుమారు 34.6 స్టెప్పులు నడవాలి. ఒక్కో అంగ 32 అంగుళాల పైమాట, అదే కష్టం. వరుస 26 స్టెప్పులకు పెరిగితే ఆ దూరం 40.8 అవుతుంది, అంగ 38 అంగుళాలు దాటుతుంది. ట్రంపెట్ ఊదుతూ ఆ అంగలు వేయడం ఆరితేరినవాళ్లకే గగనం. 8 కౌంట్లు అదనంగా ఇస్తే 29 అంగుళాల లోపుకు దిగుతుంది, కానీ పాట అన్ని కౌంట్లు ఇవ్వదు.

దీనికి మందు ఇరుసు దగ్గరే ఉంది. కొత్త ఇద్దరినీ ఇరుసుకు ఇవతలి పక్కన, అంటే వరుస లేని వైపు, 2, 4 స్టెప్పుల దూరంలో చేర్చండి. ఇరుసు అదే మనిషి, అవతలి కొస వ్యాసార్థం 22 స్టెప్పులే. గేటు తిరిగేటప్పుడు వీళ్లు ఎదురు దిశలో సుమారు 3, 6 స్టెప్పులు కదిలితే చాలు. 24 కౌంట్లలో ఆ మాత్రం దూరం నిన్న చేరినవాళ్లు కూడా హాయిగా నడుస్తారు. వాళ్లు వెనక్కి ఊగే చోట కలర్ గార్డ్ (జెండాలు తిప్పే బృందం) ఉందేమో మాత్రం ముందే చూడాలి. ఆరడుగుల పోల్ తిప్పే చోట అదనపు మనిషిని పెడితే దెబ్బ తగిలేది ముఖానికే.

నిలకడగా ఉండే సెట్లలో (డ్రిల్‌లో ఒక్కో అమరిక ఒక సెట్) మరో కిటుకు: కొసన ఉన్న పాతవాళ్లను 2 స్టెప్పులు బయటికి జరిపి, వాళ్ల పాత డాట్లను కొత్తవాళ్లకు ఇవ్వండి. మారేది ఇద్దరి డాట్లే. కొత్త పిల్లకు రెండు పక్కలా దారి తెలిసినవాళ్లు ఉంటారు, ఎటు చూసినా గైడ్ దొరుకుతుంది. సవరణ మంచిదా చెడ్డదా తేల్చడానికి నేను పెట్టుకునే కొలత ఇదే: ఎంతమంది పాతవాళ్లు కంఠతా పట్టిన డాట్‌ను మరచిపోవాలి? కొత్తది నేర్చుకోవడం కంటే ఒళ్లు అలవాటుపడ్డ పాతదాన్ని వదిలించుకోవడమే కష్టం.

ఇరుసు పక్కన ఇద్దరిని చేర్చినప్పుడు వరుస మధ్యభాగం 2 స్టెప్పులు పక్కకు జరుగుతుంది. 50 లైన్‌కు చెరో వైపు ఉండే సైడ్ వన్, సైడ్ టూ అద్దంలో బొమ్మల్లా ఉండే షోలో అది స్టాండ్స్ నుంచి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అలాంటి డ్రిల్‌లో కొత్తవాళ్లను జంటలుగానే చేర్చాలి, ఒక్కరే మిగిలితే 50 లైనే దిక్కు. 1960లలో మిచిగన్ స్టేట్ యూనివర్సిటీలో బిల్ మోఫిట్ అభివృద్ధి చేసిన పద్ధతిలో కదలికంతా నలుగురేసి స్క్వాడ్‌ల మీద నడిచేది. అక్కడ నలుగురు వస్తే ఒక స్క్వాడ్ పెరుగుతుంది, ఒక్కరు వస్తే చిక్కు. 1980లలో గార్‌ఫీల్డ్ కేడెట్స్ అనే ఇత్తడి వాద్యాల, డ్రమ్ముల బృందానికి జార్జ్ జింగాలీ రాసిన అసమాన ఫామ్‌ల బాటలో ఇవాళ చాలా డ్రిల్స్ నడుస్తున్నాయి. చూడ్డానికి అవి జటిలమే గానీ, ఒక్క మనిషిని చేర్చడానికి వాటిలోనే వీలెక్కువ. అద్దానికి అవతల జత వెతకాల్సిన పని లేదు.

వృత్తాల జోలికి మాత్రం పోవద్దు. పదహారు మంది 2 స్టెప్పుల ఎడంతో నిలబడే వృత్తానికి వ్యాసార్థం 5.1 స్టెప్పులు, పద్దెనిమిది మందికైతే 5.7. ఇద్దరి కోసం పదహారు డాట్లూ మారతాయి. ఆ సెట్లో కొత్తవాళ్లను పక్క ఫామ్‌లో కలపడమే మేలు.

డాట్లు కుదిరాయని సంబరపడితే దారి మధ్యలో ఢీకొంటారు. సాఫ్ట్‌వేర్‌లో సెట్ నుంచి సెట్‌కు దూకి చూస్తే ఈ తప్పు కనబడదు. ఒక ఉదాహరణ. కొత్త ట్రంపెట్ 50 నుంచి సైడ్ వన్ వైపు 13 స్టెప్పుల దూరంలో ఫ్రంట్ హ్యాష్ (సైడ్‌లైన్‌కు సమాంతరంగా సాగే ముందు వైపు గుర్తుల వరుస) మీద ఉంది. 16 కౌంట్లలో 50కి 5 స్టెప్పుల దూరానికి, హ్యాష్‌కు 12 స్టెప్పులు వెనక్కి చేరాలి. అదే సమయంలో ఒక క్లారినెట్ 50కి 1 స్టెప్, హ్యాష్‌కు 12 వెనక ఉన్న చోటు నుంచి 50కి 17 స్టెప్పుల దూరంలో హ్యాష్ మీదికి వస్తోంది. మొదలూ చివరా ఇద్దరి మధ్యా బోలెడు చోటుంది. కానీ ఇద్దరి సగం దారీ లెక్కకట్టండి: 50కి 9, హ్యాష్‌కు 6 వెనక. ఎనిమిదో కౌంట్‌కు ఇద్దరూ ఒకే చుక్క మీద ఉంటారు. ట్రంపెట్‌ను నాలుగు కౌంట్లు ఆపి పంపినా లాభం లేదు, దాదాపు ఎదురెదురుగా వస్తున్నారు కాబట్టి తొమ్మిదో కౌంట్‌కు తగులుకుంటారు. దారి వంచాలి. ఎనిమిదో కౌంట్‌కు ట్రంపెట్‌కు 50కి 6, హ్యాష్‌కు 4 వెనక అని నడిమి డాట్ ఇస్తే రెండు ముక్కలూ 8 స్టెప్పులకు కాస్త పైన వస్తాయి, ఇద్దరి మధ్య ఎడం 3 స్టెప్పులకు తగ్గదు. అంగ కూడా మామూలుదే, 23 అంగుళాల లోపు.

వరుసల మధ్య నుంచి దూరి వెళ్లే కదలికల్లో ఇంటర్వెల్ 4 నుంచి 2కి తగ్గించారంటే దూరేవాళ్లెవరో మళ్లీ చూడండి. క్లారినెట్ దూరుతుంది, దాదాపు 26 అంగుళాల బెల్ (గరాటు లాంటి మూతి) ఉన్న సూసఫోన్ అనే పెద్ద ఇత్తడి వాద్యం దూరదు.

ధ్వని సంగతీ ఉంది. మైదానం వెడల్పు 53 గజాల పైన, దాదాపు 49 మీటర్లు. వెనక సైడ్‌లైన్ నుంచి ముందుకు శబ్దం రావడానికి 0.14 సెకను పడుతుంది. నిమిషానికి 160 బీట్ల వేగంలో ఒక బీట్ 0.375 సెకను, అంటే మూడో వంతుకు పైగా వెనకబడ్డట్టే. కొత్త వాయిద్యకారుణ్ణి ‘ఎవరికీ అడ్డం రాడు’ అని బ్యాటరీకి (నడుస్తూ వాయించే డ్రమ్ముల జట్టుకు) దూరంగా మూలన ఒంటరిగా నిలబెడితే ఏ శబ్దాన్ని పట్టుకోవాలో తెలియక అతడు తాళం తప్పుతాడు. నింద మాత్రం అతడికే.

అసలు కొత్తవాళ్లను ఆల్టర్నేట్లుగా (చోటు దొరికితేనే దిగే అదనపు సభ్యులుగా) ఉంచితే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. ఓహియో స్టేట్ యూనివర్సిటీ బ్యాండ్‌లో ఆల్టర్నేట్లు పోటీపడి స్థానం గెలుచుకునే ఆనవాయితీ ఉంది, అక్కడికి వచ్చేవాళ్లు అది తెలిసే వస్తారు. హైస్కూల్లో బ్యాండ్ ఒక తరగతి. సీజనంతా సైడ్‌లైన్ మీద నీళ్ల సీసాలు మోసిన పిల్లకు నడక ఎప్పుడు వస్తుంది? మొదటి వారాల్లో నెమ్మది పాటలోనూ ముగింపులోనూ మాత్రమే చోటిచ్చి, తక్కిన సెట్లు వారానికి కొన్ని చొప్పున కలుపుకుంటూ పోవచ్చు. కానీ ప్రతి ఒక్కరి పేరు మీదా ఒక డాట్ బుక్ (తన డాట్లన్నీ ఉండే పుస్తకం) ఉండి తీరాలి.

ఇక లేబుళ్లు, అంటే షీట్లలో ఒక్కొక్కరికీ ఇచ్చే గుర్తులు. కొత్త ట్రంపెట్ T1, T2ల మధ్య నిలబడినా సరే T13 అనే పిలవండి. వరుస క్రమం బాగుంటుందని అందరి నంబర్లూ మార్చారా, పాత షీట్లన్నీ ఒక్క దెబ్బకు తప్పుల తడకలవుతాయి. మారిన సెట్ల షీట్ల మీద తేదీ పెద్దగా వేసి, మారినవాళ్లకే ఇవ్వండి. మొదటిరోజు వాయిద్యాలు పక్కనబెట్టి కొత్తవాళ్లనూ వాళ్ల ఇరుగుపొరుగునూ మాత్రమే మైదానంలోకి పిలిచి, డాట్ల మీద పోకర్ చిప్స్ పెట్టి, ఎనిమిదేసి కౌంట్లు నడిపించండి. తర్వాత మెట్రనోమ్‌తో, ఆ తర్వాతే ఊదుతూ. చిప్స్ ఏరేశాక కూడా మూడుసార్లు వరుసగా అదే చోట ఆగితే తక్కిన బ్యాండ్‌ను పిలవండి. పాత షీట్లు ఆ రోజే వెనక్కి తీసుకోండి.