సవరణ: అన్నమయ్య పదాలు, వాటి బాణీలు

సింహాచలం గిరి ప్రదక్షిణలో భజన బృందాలు పాడే అన్నమయ్య కీర్తనల గురించి మొన్నటి పోస్టులో "ఆరొందల ఏళ్ల నాటి బాణీలు" అని ఉంది. ఆ మాట సరికాదు. సాహిత్యం పాతదే. అన్నమయ్య కాలం 1408-1503. బాణీలు మాత్రం చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవే.

తిరుమల ఆలయంలో దొరికిన రాగిరేకుల మీద పాట, దాని నెత్తిన రాగం పేరు ఉంటాయి. స్వరాలు లేవు. రాగం పేరు ఒక్కటీ ఉంటే పాట ఎలా నడిచిందో తెలియదు కదా, ఒకే రాగంలో వంద రకాలుగా పాడొచ్చు. అందుకే సంగీత విద్వాంసుడు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి వాళ్లు కొత్తగా స్వరపరిచారు. అందరి నోటా నానే "నానాటి బ్రతుకు" రేవతి రాగం బాణీ కర్ణాటక సంగీత గాయకుడు నేదునూరి కృష్ణమూర్తిగారిది. ఆయన మన విశాఖలోనే స్థిరపడి, 2014లో ఇక్కడే కన్నుమూశారు. మన ఊరివాళ్లకే ఈ సంగతి తెలియకపోవడం కొంచెం విడ్డూరమే.

"అయితే ఆ భక్తి ఉత్తిదా?" అని కామెంట్లలో ఒకరు గట్టిగానే అడిగారు. కాదు. తాళాలు, కంజీర అందుకుని పదిమంది ఒక్క గొంతుతో పాడుతుంటే బాణీ వయసు ఎవరికీ గుర్తుండదు. భక్తిలో సంగీతం పనేమిటో చూసేవాళ్లకు అసలు ఆసక్తి ఇక్కడే: నిన్నమొన్నటి బాణీ కూడా గుడిలో నాలుగు తరాలు తిరక్కుండానే అనాదిగా ఉన్నట్టు వినిపిస్తుంది. పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను, మిగతాది అలాగే ఉంది.